మాండరిన్ సంభాషణలో ఊతధ్వనులు, ఆటిజం: ఒక కొలమానంపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

మాట మధ్యలో ఆగినప్పుడు వక్త పలికే చిన్నచిన్న ధ్వనులను, పదాలను ఆటిజం అధ్యయనాలు దశాబ్దానికి పైగా లెక్కిస్తున్నాయి. ఆంగ్లంలో ‘అమ్’ అనే ధ్వని తక్కువగా వినిపించడాన్ని శ్రోతపట్ల ఎరుక తక్కువగా ఉండడానికి గుర్తుగా కొన్ని అధ్యయనాలు వ్యాఖ్యానించాయి. ఆంగ్లంలో పుట్టిన ఈ కొలమానం మాండరిన్ మాట్లాడే ఆటిజం వ్యక్తుల సంభాషణను కొలవడానికి సరిపోతుందా అన్నది ఈ వ్యాసం చర్చించే ప్రశ్న. మాండరిన్‌లో ఊతగా వాడే మాటలు కొన్ని కేవలధ్వనులు, కొన్ని నిర్దేశక సర్వనామాలు, కొన్ని ఊఁకొట్టే మాటలు. వీటిని ఒకే రాశిగా పోసి లెక్కించినా, ఆంగ్లపు రెండు గళ్లలో ఇమిడ్చినా తప్పుడు నిర్ణయాలకు దారితీస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఊతధ్వని, ఊతపదం, మాండరిన్, ఆటిజం, తానం, కాకువు, పునరుక్తి, శ్రోత.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘ఊతపదం’ అన్న మాట అర్థవంతమైనది. నడిచేవారికి చేతికర్ర ఎలాంటిదో, మాట్లాడేవారికి ‘అదీ’, ‘అంటే’, ‘మరి’, ‘ఏమంటే’ వంటివి అలాంటివి. పద్యంలో పాదం నింపడానికి మాత్రమే వాడిన పదాలను ఆలంకారికులు నిరర్థకమనే దోషంగా లెక్కించారు. నిత్యసంభాషణలోని ఊతపదాలపైనా చాలాకాలం ఇదే చూపు ఉండేది. ఉపన్యాసకళను బోధించేవారు నేటికీ వాటిని వదిలించుకోమనే చెబుతారు.

భాషాశాస్త్రం ఈ చూపును క్రమంగా మార్చుకుంది. 1959లో మక్లే, ఆస్‌గుడ్ అనే పరిశోధకులు ఆంగ్ల సంభాషణలోని తడబాట్లను వర్గీకరిస్తూ, శబ్దంతో నిండిన విరామాన్ని మౌనవిరామం నుంచి వేరుచేశారు. 2002లో హెర్బర్ట్ క్లార్క్, జీన్ ఫాక్స్ ట్రీ మరో అడుగు ముందుకు వేశారు. ఆంగ్లంలోని ‘అ’, ‘అమ్’ అనేవి గొంతులో అప్రయత్నంగా పుట్టే శబ్దాలు కావని, అవి ఆ భాషలోని పదాలేనని వారు వాదించారు. వారి ప్రకారం ‘అ’ స్వల్పమైన జాప్యాన్ని సూచిస్తుంది. ‘అమ్’ ఎక్కువ జాప్యాన్ని సూచిస్తుంది. అంటే వక్త ‘ఇంకా నా మాట పూర్తికాలేదు, కాస్త ఆగండి’ అని శ్రోతకు ముందుగా తెలియజేస్తున్నాడన్నమాట.

ఈ సిద్ధాంతాన్ని అంగీకరిస్తే ఒక ప్రశ్న తప్పదు. శ్రోతకు ఇచ్చే సంకేతమే ఊతధ్వని అయితే, సామాజిక సంభాషణలో భేదం ఉన్నవారుగా గుర్తింపు పొందిన ఆటిజం వ్యక్తులు దాన్ని ఎలా వాడతారు? ఈ ప్రశ్నకు తొలి సమాధానాలు ఆంగ్లంలో వచ్చాయి. అదే ప్రశ్నను మాండరిన్‌కు తీసుకువెళ్లినప్పుడు భాషా నిర్మాణమే ప్రశ్న రూపాన్ని మార్చేస్తుంది. ఆ మార్పును గుర్తించడం అవసరమని నిరూపించడమే ఈ వ్యాసం లక్ష్యం.

పరిభాష విషయంలో ఒక స్పష్టత అవసరం. అర్థంలేని ధ్వనిమాత్రమైన ఊతను ఇక్కడ ‘ఊతధ్వని’ అని, భాషలో వేరే అర్థం కూడా ఉన్న మాట ఊతగా మారితే దాన్ని ‘ఊతపదం’ అని వ్యవహరించడం జరిగింది. ఎదుటివారు మాట్లాడుతుండగా వింటున్నామని తెలిపే ధ్వనికి తెలుగులో ‘ఊఁకొట్టడం’ అనే మాట ఉండనే ఉంది.

2. ఆంగ్లంలో కొలమానం ఏర్పడిన తీరు:

2011లో జోహన్నా లేక్, ఆమె సహపరిశోధకులు వెలువరించిన అధ్యయనం ఈ చర్చకు మూలస్తంభం వంటిది. ఆటిజం ఉన్న వక్తలు ఊతధ్వనులను, తమ మాటను తామే సవరించుకోవడాన్ని తక్కువగా వాడారని. మౌనవిరామాలను, పునరుక్తులను ఎక్కువగా వాడారని అందులో తేలింది. మొదటి జంట శ్రోత సౌకర్యం కోసం, రెండవ జంట వక్త సొంత అవసరం కోసం అని ఆ పరిశోధకులు విభజించారు. ఈ విభజన తర్వాతి అధ్యయనాలకు చట్రంగా మారింది.

2016లో ఇర్విన్, ఐగ్‌స్టి, ఫైన్ కౌమారదశలోని వారిని పరిశీలించి, తేడా ‘అమ్’ వాడకంలోనే ఉందని, ‘అ’ వాడకంలో లేదని చెప్పారు. అదే సంవత్సరం కైల్ గోర్మన్ బృందం పిల్లల విషయంలోనూ ‘అమ్’ తగ్గుదలను గుర్తించింది. 2017లో జూలియా పారిష్-మోరిస్ బృందం ఈ చిత్రాన్ని సంక్లిష్టం చేసింది. ఆటిజం ఉన్న బాలురలో ‘అమ్’ పాలు తక్కువగా ఉండగా, ఆటిజం ఉన్న బాలికల వాడకం ఇతర బాలికల వాడకానికి దగ్గరగా ఉందని ఆ బృందం తెలిపింది. బాలికల భాష వారి ఆటిజాన్ని కనబడకుండా కప్పివేస్తుందేమోనన్న అనుమానం దీనితో బలపడింది.

ఈ ఫలితాలు విలువైనవే. అయితే వీటి వెనుక ఉన్న ప్రమాణం స్థిరమైనది కాదు. మార్టైన్ వీలింగ్, సహపరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆంగ్లంతోపాటు అనేక జర్మానిక్ భాషలలో ‘అమ్’ తరహా ధ్వని ‘అ’ తరహా ధ్వనిని వెనక్కి నెడుతూ వస్తోంది. ఈ మార్పులో స్త్రీలు, యువతరం ముందున్నారు. అంటే ‘అమ్’ ఒకే సమయంలో జాప్యసూచిక, వయస్సు సూచిక, లింగభేద సూచిక కూడా. ఇన్ని పనులు చేసే ధ్వని తగ్గినంత మాత్రాన ‘శ్రోతపట్ల ఎరుక తగ్గింది’ అని ఒకే కారణం చెప్పడం తొందరపాటు అవుతుంది.

3. మాండరిన్ ఊతల స్వరూపం:

మాండరిన్‌లో ఊతగా పనిచేసేవి ప్రధానంగా రెండు వర్గాలు. మొదటిది ఊతధ్వనులు: తెలుగు ‘అ’కు దగ్గరగా వినిపించే ఒక అచ్చుధ్వని, ముక్కుతో పలికే ‘అన్’. రెండవది ఊతపదాలు: ‘ఆ’, ‘అది’ అనే అర్థంగల ‘నెయ్‌గ’, ‘ఈ’, ‘ఇది’ అనే అర్థంగల ‘జెయ్‌గ’. ‘అంటే’ అనదగిన ‘జియూషి’, ‘తర్వాత’ అనదగిన ‘రాన్‌హౌ’ కూడా వేగవంతమైన సంభాషణలో ఈ వర్గానికి చేరువవుతాయి. యువాన్ జావ్, డాన్ జురాఫ్‌స్కీ 2005లోనే మాండరిన్ నిండువిరామాలను పరిశీలిస్తూ కేవలధ్వనులతోపాటు ఈ నిర్దేశకాలనూ లెక్కలోకి తీసుకున్నారు.

నిర్దేశక సర్వనామం ఊతపదంగా మారడం తెలుగు పాఠకులకు అపరిచితం కాదు. పేరు గుర్తురానప్పుడు ‘అదీ… అదే…’ అంటూ తడుముకోవడం తెలుగువారికి నిత్యానుభవం. మాండరిన్‌లో ‘నెయ్‌గ’ ప్రస్థానం ఇంకా దూరం సాగింది. తైవాన్ వాడుకను పరిశీలించిన హ్వాంగ్ షువాన్‌ఫాన్ 1999లో, ‘నెయ్‌గ’ క్రమంగా నిశ్చితత్వాన్ని తెలిపే వ్యాకరణ చిహ్నంగా మారుతోందని వాదించారు. బీజింగ్ వాడుకలో నిర్దేశకాల వ్యాకరణీకరణపై ఫాంగ్ మెయ్ 2002లో రాశారు. కాబట్టి ‘నెయ్‌గ’ అన్న ఒకే మాట సందర్భాన్నిబట్టి వస్తువును చూపే వేలు కావచ్చు, నిశ్చితత్వ చిహ్నం కావచ్చు, ఊత కూడా కావచ్చు.

‘అన్’ విషయంలో చిక్కు మరోరకం. ఇదే ధ్వని మాండరిన్‌లో ఊఁకొట్టడానికీ, ‘అవును’ అనడానికీ వాడుకలో ఉంది. చైనీస్ నిఘంటువులు ఈ ముక్కుధ్వనిని వేర్వేరు తానాలతో వేర్వేరు ఆరోపాలుగా నమోదుచేస్తాయి. పైకి లేచే తానంతో అది ప్రశ్న. కిందికి దిగే తానంతో అది అంగీకారం. సాగదీసి సమస్థాయిలో పలికితే ‘ఆలోచిస్తున్నాను’ అని ధ్వనిస్తుంది. లిఖితరూపంలో మూడింటికీ ఒకే అక్షరం సరిపోతుంది. సంభాషణను అక్షరబద్ధం చేసే దశలోనే తేడా చెరిగిపోయే ప్రమాదం ఇందులో ఉంది.

ఆంగ్లంలో పరిశోధకుడు ‘అ’, ‘అమ్’ అని రెండు గళ్లు గీసుకుని లెక్కిస్తే చాలు. ‘అమ్’ అన్న ధ్వనికి ఊతగా కాక మరో పని దాదాపు లేదు. మాండరిన్‌లో ఆ ‘అమ్’ గడిలో దేనిని ఉంచాలి? ముక్కుధ్వని అన్న పోలికతో ‘అన్’ను ఉంచితే, ఊఁకొట్టడాలు కూడా అందులో చేరతాయి. ఎక్కువ జాప్యాన్ని సూచించడం అన్న పోలికతో చూస్తే, ఆ స్థానానికి ‘నెయ్‌గ’ పోటీపడుతుంది. ఏది ఎంచుకున్నా అది అనువాదమే అవుతుంది కానీ కొలత కాదు.

4. ఊతకూ పునరుక్తికీ మధ్య చెరిగే సరిహద్దు:

లేక్ బృందపు చట్రంలో ఊతధ్వని శ్రోత కోసం, పునరుక్తి వక్త కోసం. ఆటిజం ఉన్నవారిలో మొదటిది తక్కువ, రెండవది ఎక్కువ. మాండరిన్‌లో ఈ రెండు వర్గాలు ఒకే మాట దగ్గర కలిసిపోతాయి.

ఒక కల్పిత ఉదాహరణను గమనించవచ్చు. ఒక బాలుడు బల్లపై ఉన్న పుస్తకాన్ని అడుగుతూ ‘నెయ్‌గ… నెయ్‌గ… షూ’ అన్నాడనుకుందాం. ‘షూ’ అంటే పుస్తకం. దీనిని ‘ఆ… ఆ… పుస్తకం’ అని చదివితే నిర్దేశకాన్ని రెండుసార్లు పలికిన పునరుక్తి. ‘అదీ… ఆ పుస్తకం’ అని చదివితే మొదటి ‘నెయ్‌గ’ ఊతపదం, రెండవది నిజమైన నిర్దేశకం. రెంటినీ ఊతలుగానే తీసుకుని, చివరి పదాన్ని మాత్రమే సమాచారంగా భావించే వీలూ ఉంది. మొదటి పఠనంలో బాలుడు ‘తన కోసం’ మాట్లాడినట్లు నమోదవుతుంది. రెండవ పఠనంలో ‘శ్రోత కోసం’ మాట్లాడినట్లు నమోదవుతుంది. బాలుడు పలికింది మాత్రం ఒకటే.

ఇక్కడ తీర్పు వక్త మాటలో లేదు; దానిని నమోదుచేసినవారి పట్టికలో ఉంది. ఆటిజం ఉన్నవారు పునరుక్తులు ఎక్కువగా వాడతారన్న ముందస్తు ఊహతో పట్టిక నింపే వ్యక్తి, సందిగ్ధమైన ప్రతి ‘నెయ్‌గ’నూ పునరుక్తి గడిలో వేసే అవకాశం ఉంది. అప్పుడు ఆంగ్లంలోని ఫలితమే మాండరిన్‌లోనూ ‘నిరూపితం’ అవుతుంది. నిజానికి నిరూపితమైనది వర్గీకరణ మాత్రమే. అందువల్ల మాండరిన్ సంభాషణను వర్గీకరించేవారికి వక్త రోగనిర్ధారణ తెలియకుండా ఉండాలి. సందిగ్ధ స్థానాలను బలవంతంగా ఏదో ఒక గడిలో వేయకుండా విడిగా చూపాలి. విరామం నిడివిని, స్వరస్థాయిని అక్షరరూపం నుంచి కాక శబ్దముద్రణ నుంచే నిర్ణయించాలి.

5. ఎంత అన్నదానికంటే ఎలా అన్నది:

లెక్కింపుకు పరిమితమైన పద్ధతిని యూరప్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం ప్రశ్నార్థకం చేసింది. సైమన్ వెయర్లె, మార్టీన్ గ్రైస్, కాయ్ ఫోగెలె జర్మన్ మాట్లాడే వయోజనులను పరిశీలించారు. ఆటిజం ఉన్న ఇద్దరిని ఒక జంటగా, లేని ఇద్దరిని మరో జంటగా కూర్చి వారి సంభాషణలను విశ్లేషించారు. ఊతధ్వనుల సంఖ్యలో కానీ, రకంలో కానీ రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. తేడా కాకువులో కనిపించింది. జర్మన్‌లో ఊతధ్వనికి సహజమైన మధ్యస్థాయి సమస్వరం ఆటిజం ఉన్నవారిలో తక్కువగా వినిపించింది.

ఈ ఫలితాన్ని మాండరిన్ సందర్భంలో తలచుకుంటే దాని ప్రాధాన్యం పెరుగుతుంది. జర్మన్‌లో ఊతధ్వని స్వరం మారితే ధోరణి మాత్రమే మారుతుంది. తానభాష అయిన మాండరిన్‌లో ‘అన్’ స్వరం మారితే మాటే మారవచ్చు. ఆలోచిస్తూ పలికిన ‘అన్’ సమస్థాయిలో కాక కిందికి జారితే, శ్రోత దానిని ‘అవును’గా వినవచ్చు. అడిగిన ప్రశ్నకు అంగీకారం దొరికిందనుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లవచ్చు. సమాధానం వెతుక్కుంటున్న వక్త వంతు అక్కడితో ముగిసిపోతుంది. ఇదే అపార్థం నిర్ధారణ కోసం జరిగే సంభాషణలో చోటుచేసుకుంటే ‘ముక్తసరి జవాబు ఇచ్చాడు’ అన్న వ్యాఖ్యగా నమోదయ్యే అవకాశం ఉంది.

తానభాషలలో ఆటిజం స్వరలక్షణాలు ఆంగ్లంలో ఉన్నట్లే ఉంటాయని అనుకోరాదనడానికి మరొక ఆధారం ఉంది. జోసెఫ్ లావ్ బృందం 2022లో ఆంగ్లం, కాంటనీస్ మాట్లాడేవారి సంభాషణలను యంత్రాభ్యసన పద్ధతితో పోల్చింది. లయకు సంబంధించిన లక్షణాలు రెండు భాషలలోనూ ఆటిజం ఉన్నవారిని గుర్తించడానికి ఉపకరించాయి. కాకువుకు సంబంధించినవి ఆంగ్లంలో మాత్రమే ఉపకరించాయి. కాంటనీస్ మాండరిన్ కాదు. దాని తానవ్యవస్థ వేరు. అయినా పదార్థాన్ని నిర్ణయించే పని స్వరానికి అప్పగించిన భాషలో, కాకువు పోషించే పాత్ర వేరుగా ఉంటుందన్న హెచ్చరిక ఇందులో ఉంది. మాండరిన్ ఊతల విషయంలో స్వరస్థాయిని వదిలివేయడం ఎంత తప్పో, ఆంగ్ల, జర్మన్ ఫలితాలనే ఆశించడం కూడా అంతే తప్పు.

6. విన్నవారి చెవి:

ఊత అర్థం వక్త నోటిలోనే నిర్ణయమైపోదని చెప్పడానికి ఆటిజంతో సంబంధంలేని ఒక సంఘటన చాలు. 2020 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో సంభాషణ నైపుణ్యాలను బోధిస్తున్న ఆచార్యుడు, వివిధ భాషలలోని ఊతపదాలకు ఉదాహరణగా ‘నెయ్‌గ’ను పలికారు. ఆ ధ్వని ఆంగ్లంలోని ఒక జాతిదూషణ పదంలా వినిపించిందని కొందరు విద్యార్థులు ఫిర్యాదుచేశారు. ఆ పాఠ్యాంశం బోధన నుంచి ఆయనను తప్పించారు. కోట్లాదిమంది తలచుకోకుండానే పలికే ఊతపదం, వేరే భాషాసంస్కృతికి అలవాటుపడిన చెవిలో వేరే మాటగా మారింది.

వక్తకూ శ్రోతకూ మధ్య ఇలాంటి ఎడం ఏర్పడినప్పుడు లోపాన్ని ఒకవైపే వెతకడం ఆటిజం అధ్యయనాలలో చాలాకాలం సాగింది. దీనిని డేమియన్ మిల్టన్ 2012లో విమర్శించారు. ఆటిజం ఉన్నవారూ లేనివారూ ఒకరినొకరు అర్థంచేసుకోలేకపోవడం ఉభయపక్షాల సమస్య అని, దానిని ఒక పక్షపు వైకల్యంగా చూడరాదని ఆయన వాదించారు. 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం జరిపిన ప్రయోగం ఈ వాదానికి బలమిచ్చింది. ఒకరి నుంచి మరొకరికి కథను చేరవేసే వరుసలలో, అందరూ ఆటిజం ఉన్నవారే అయిన వరుస, అందరూ ఆటిజం లేనివారే అయిన వరుసతో సమానంగా సమాచారాన్ని నిలుపుకుంది. ఇరువర్గాలూ కలిసిన వరుసలో సమాచారం ఎక్కువగా జారిపోయింది.

ఈ వెలుగులో ఊతధ్వనుల అధ్యయనాలను మళ్లీ చూడవలసి ఉంటుంది. గోర్మన్, పారిష్-మోరిస్ బృందాలు విశ్లేషించినవి ఆటిజం నిర్ధారణ పరీక్షలో పిల్లవాడికీ పరీక్షకుడికీ మధ్య జరిగిన సంభాషణలు. వెయర్లె బృందం విన్నది సమానుల సంభాషణ. అక్కడ సంఖ్యలో తేడా ఉంది, ఇక్కడ లేదు. భాష, వయస్సు వేరైనందువల్ల దీనికి ఒకే కారణం చెప్పలేం. కానీ శ్రోత మారితే ఊత మారుతుందన్న సంభావ్యతను ఇక తోసిపుచ్చలేం. మాండరిన్ సమాజంలో పెద్దల ముందు, గురువుల ముందు పిల్లలు తడుముకోకుండా పొందికగా మాట్లాడాలన్న అపేక్ష ఉన్నప్పుడు, పరీక్షకుడి ఎదుట పలికిన ఊతలు ఆ పిల్లవాడి సహజ వాడుకకు ప్రతినిధులు కాకపోవచ్చు. తల్లితో, తోబుట్టువుతో, ఆటిజం ఉన్న మరో స్నేహితుడితో మాట్లాడిన మాట కూడా లెక్కలోకి రావాలి.

7. పేర్లలో దాగిన తీర్పు:

చైనాలో ఆటిజాన్ని తొలిసారి నివేదించినవారు నాన్‌జింగ్‌కు చెందిన మనోవైద్యుడు తావ్ గ్వోతాయ్. 1982లో ఆయన నలుగురు పిల్లల వివరాలను ప్రచురించారు. 1993లో త్యెన్ హ్వెయ్‌పింగ్ అనే తల్లి ఆటిజం ఉన్న పిల్లల కోసం బీజింగ్‌లో ‘షింగ్‌షింగ్ యూ’, అంటే ‘నక్షత్రాల వాన’ అనే శిక్షణసంస్థను స్థాపించారు. మాండరిన్‌లో ఆటిజానికి రెండు పేర్లు వాడుకలో ఉన్నాయి. ‘జీబీజెంగ్’ అంటే తనను తాను మూసుకున్న స్థితి. ‘గూదూజెంగ్’ అంటే ఒంటరితనపు రుగ్మత. ఆటిజం ఉన్న పిల్లలను ఆప్యాయంగా ‘నక్షత్రాల బిడ్డలు’ అని పిలవడమూ పరిపాటి. నక్షత్రం అందమైనదే కానీ అందనిది. వెలుగుతుంది కానీ పలకదు.

మూసుకోవడం, ఒంటరితనం, దూరం అనే మూడు భావనలలోనూ శ్రోతకు చోటులేదు. ‘ఊతధ్వని తగ్గితే శ్రోతపట్ల ఎరుక తగ్గినట్లే’ అనే వ్యాఖ్య ఇలాంటి పేర్లున్న సమాజంలో సులభంగా నాటుకుంటుంది. దాని పర్యవసానం పరిశోధనపత్రాలకు పరిమితం కాదు. ఊతధ్వనిని స్వయంచాలక నిర్ధారణకు సూచికగా వాడితే, ‘నెయ్‌గ’ను ధారాళంగా వాడే బాలిక గుర్తింపునకు దూరం కావచ్చు. మౌనంగా ఆలోచించి చెప్పే బాలుడికి, మధ్యమధ్య ‘అన్’ అనడం నేర్పడమే చికిత్స అనిపించవచ్చు. ఒకవైపు ఉపన్యాసకళ పేరుతో ఊతలను తీసివేయమని అందరికీ చెబుతూ, మరోవైపు వాటిని చేర్చుకోమని ఆటిజం ఉన్నవారికి చెప్పడంలో వైరుధ్యం గమనించదగినది. మౌనం కూడా శ్రోతకు అందే సంకేతమే. దానికి అలవాటుపడవలసిన బాధ్యత శ్రోతకూ ఉంది.

8. ముగింపు:

ఊత అనేది లోపమని ఆలంకారికులు, వాగ్మిత్వ బోధకులు అన్నారు. ఊత లేకపోవడం లోపమని కొన్ని ఆటిజం అధ్యయనాలు అన్నాయి. ఈ రెండు తీర్పులూ ఊతను మాట నుంచి, మాటను శ్రోత నుంచి విడదీసి చూసినందువల్ల ఏర్పడినవి. పై పరిశీలన నుంచి ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

1. ఆంగ్లంలోని ‘అ’, ‘అమ్’ అనే ద్విభాగానికి మాండరిన్‌లో సరిసమానమైన జంట లేదు. ఊతధ్వని, ఊతపదం, ఊఁకొట్టే మాట అనే మూడింటిని విడివిడిగా లెక్కించాలి.

2. ‘నెయ్‌గ’ వంటి నిర్దేశకాల దగ్గర ఊతకూ పునరుక్తికీ మధ్య గీత చెరిగిపోతుంది. కాబట్టి వక్త కోసం, శ్రోత కోసం అనే విభజనను మాండరిన్‌కు యథాతథంగా వర్తింపజేయరాదు.

3. తానభాషలో ఊత సంఖ్యతోపాటు స్వరస్థాయి, నిడివి పరిశీలించడం తప్పనిసరి. అక్షరరూపం ఒక్కటే ఆధారం కాజాలదు.

4. పరీక్షకుడి ఎదుటి సంభాషణతోపాటు కుటుంబసభ్యులతో, సమానులతో జరిగే సంభాషణలనూ పరిశీలించాలి. ఊత తగ్గుదలను వక్త స్వభావంగా నిర్ణయించేముందు శ్రోత ఎవరో చెప్పాలి.

5. ఊతల లెక్కను ఒంటరిగా నిర్ధారణ సూచికగా వాడడం వల్ల కొందరు గుర్తింపునకు దూరమయ్యే ప్రమాదం, మరికొందరిపై అనవసర శిక్షణ రుద్దే ప్రమాదం ఉన్నాయి.

ఆటిజం ఉన్న మాండరిన్ వక్త ‘నెయ్‌గ’ అని ఆగినప్పుడు, ‘అన్’ అని సాగదీసినప్పుడు, ఏమీ అనకుండా నిలిచినప్పుడు జరుగుతున్నది ఒకటే. అతడు తన తర్వాతి మాటకోసం వెతుక్కుంటున్నాడు. ఆ వెతుకులాటను ఏ గడిలో వేయాలన్నది పరిశోధకుడి సమస్య. అది ముగిసేవరకు ఆగడం శ్రోత చేయవలసిన పని.